లైనక్స్‌లో సైన్ చేసిన ఫైల్ విండోస్‌లో వెరిఫై అవ్వట్లేదు, ముందే లైన్ ఎండింగ్స్ మార్చేయాలా?

మీరు అడిగింది నాకర్థమైనంతవరకు ఇదీ: లైనక్స్ మెషీన్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌కి డిజిటల్ సంతకం (ఫైల్ దారిలో మారలేదని రుజువు చేసే గుర్తు) చేశారు, విండోస్‌లో తెరిచి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు, అయినా బ్యాడ్ సిగ్నేచర్ అంటోంది, మరి సైన్ చేసేముందు లైన్ ఎండింగ్స్ (లైన్ అయిపోయిందని చెప్పే, కంటికి కనపడని గుర్తులు) అన్నీ ఒకే రకంగా మార్చేస్తే సరిపోతుందా అని. సరిపోవచ్చండి, కాకపోతే ఒకవైపే మార్చి ఊరుకుంటే ఇప్పుడున్నదానికన్నా పెద్ద తలనొప్పి అవుతుంది. నేను ఇదే గోతిలో పడి మూడు రోజులు కొట్టుకున్నా, అందుకే కాస్త పొడుగ్గా చెప్తున్నా.

మేం అప్పట్లో ఒక ప్రోగ్రామ్‌కి సెట్టింగ్స్ ఫైల్ ఇచ్చేవాళ్లం, మామూలు టెక్స్ట్ ఫైలే, పక్కనే విడిగా దాని సిగ్నేచర్ ఫైల్. బిల్డ్ మెషీన్ లైనక్స్. మా దగ్గర ఎన్నిసార్లు టెస్ట్ చేసినా పాసే. బయట మాత్రం కొందరికి ఫెయిల్, పోనీ అందరికీ ఫెయిలా అంటే కాదు, అదే అసలు చిరాకు. ముందు కీ మీద (సంతకం చేయడానికి ఒకటి, సరిచూడడానికి పబ్లిక్ కీ అని ఇంకోటి, జతగా ఉంటాయి) అనుమానపడ్డాం, పాత పబ్లిక్ కీ ఎక్కడైనా మిగిలిపోయిందేమోనని వెతికాం, తర్వాత లైబ్రరీ వెర్షన్ మీద పడ్డాం, ఆఖరికి కొత్త కీ జత తయారుచేసి మళ్లీ అందరికీ పంపాం కూడా (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది). మూడోరోజు సాయంత్రం మా టీమ్‌లో ఒకావిడ "అసలు ఫైల్ సైజ్ ఎవరైనా చూశారా?" అంది. చూస్తే మా దగ్గర 8431 బైట్లు, ఫెయిల్ అవుతున్న చోట 8643. తేడా 212. ఫైల్‌లో ఎన్ని లైన్లున్నాయా అని లెక్కేస్తే సరిగ్గా 212. దొంగ దొరికాడు.

విషయం ఏంటంటే విండోస్ ప్రతి లైన్ చివర రెండు బైట్లు పెడుతుంది, ముందు సీఆర్ అంటే 13, వెంటనే ఎల్‌ఎఫ్ అంటే 10, ఈ జతనే సీఆర్‌ఎల్‌ఎఫ్ అంటారు. లైనక్స్‌లోనూ ఇప్పటి మ్యాక్‌లోనూ ఎల్‌ఎఫ్ ఒక్కటే. మ్యాక్ ఓఎస్ 9 దాకా పాత మ్యాక్‌ల్లో సీఆర్ ఒక్కటే ఉండేది. ఇదంతా టెలిటైప్ మెషీన్ల కాలం నాటి వారసత్వం, అచ్చుకొట్టే తల మళ్లీ ఎడమ అంచుకి రావడానికి ఒక సంకేతం, కాగితం ఒక లైన్ జరగడానికి ఇంకోటి. ఎడిటర్‌లో మన కంటికి ఇవేవీ కనపడవు. హ్యాష్‌కి (ఫైల్ మొత్తం నుంచి లెక్కకట్టి తీసే వేలిముద్రలాంటి సంఖ్య) మాత్రం లైన్లూ పదాలూ తెలీవు, బైట్లే తెలుసు. షా-256 అనే హ్యాష్ పద్ధతిలో ఇన్‌పుట్‌లో ఒక్క బిట్ మారినా ఫలితంలో 256 బిట్లలో దాదాపు సగం తారుమారైపోతాయి, సంతకం చేసేది ఆ హ్యాష్ మీదే, కాబట్టి ఇక్కడ కొంచెం తేడా అనే మాటే లేదు.

మరి మార్చిందెవరు? గిట్, అంటే ఫైళ్ల మార్పుల చరిత్ర దాచిపెట్టే ప్రోగ్రామ్. ఫైలూ సిగ్నేచరూ రెండూ రిపాజిటరీలోనే (గిట్ ఫైళ్లు దాచే చోటు) పెట్టాం, విండోస్‌లో ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ ట్రూ అని ఉన్నవాళ్లు క్లోన్ చేసుకుంటే (మొత్తం కాపీ తెచ్చుకుంటే) చెకవుట్ అప్పుడే, అంటే ఫైళ్లు డిస్క్ మీదకి దిగేటప్పుడే, ఎల్‌ఎఫ్ అన్నీ సీఆర్‌ఎల్‌ఎఫ్ అయిపోయాయి, మేం తయారుచేసిన జిప్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. కొందరికే ఫెయిల్ ఎందుకో అప్పుడర్థమైంది.

ఇక మీ అసలు ప్రశ్న. నన్నడిగితే, వీలైతే అసలు మార్చకండి. మీరు సంతకం చేసేది బైట్లకా, లేక చదివే టెక్స్ట్‌కా అన్నది ముందు తేల్చుకోండి. బైట్లకే అయితే ఆ ఫైల్ పేరు పొడిగింపు ఏదైనా సరే దాన్ని ఫోటోలాగే చూడాలి, ఎవరూ ముట్టుకోకూడదు. గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో దాని పేరు పక్కన మైనస్ టెక్స్ట్ అని ఒక్క లైన్ రాస్తే గిట్ ఇక దాని జోలికి రాదు, ఎఫ్‌టీపీతో ఫైల్ పంపుతుంటే ఆస్కీ మోడ్ కాకుండా బైనరీ మోడ్, ఇంకా భయమైతే జిప్‌లో పెట్టి పంపడమే. మేం చివరికి చేసింది ఇదే.

ఇలా కుదరని చోట్లు ఉంటాయి. మెయిల్‌లో వెళ్లే టెక్స్ట్, ఎవరో కాపీ చేసి ఇంకెక్కడో పేస్ట్ చేసే టెక్స్ట్, వెబ్ ఫారంలో టైప్ చేసేది. అక్కడ బైట్లు దారిలో మారకుండా ఆపడం మన చేతిలో లేదు, ఒక నిర్ణీత రూపంలోకి మార్చి దాని మీద హ్యాష్ తీయాల్సిందే. ఓపెన్‌పీజీపీ అనే సంతకాల ప్రమాణంలో దీనికి పద్ధతి ఎప్పట్నుంచో ఉంది, ఆ ప్రమాణం రాసిన పత్రాల్లో, అంటే 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4880లోనూ దాని స్థానంలో 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9580లోనూ బైనరీ సంతకం ఒక రకం, టెక్స్ట్ సంతకం ఇంకో రకం. టెక్స్ట్ రకంలో హ్యాష్ తీసేటప్పుడు మాత్రమే లైన్ ఎండింగ్స్ సీఆర్‌ఎల్‌ఎఫ్ అయినట్టు లెక్కేస్తుంది, డిస్క్ మీద మీ ఫైల్ ఎలా ఉంటే అలాగే ఉంటుంది. పైగా ఏ రకమో సిగ్నేచర్ లోపలే రాసి ఉంటుంది కాబట్టి వెరిఫై చేసేవాళ్లు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. ఓపెన్‌పీజీపీ సంతకాలు చేసే జీపీజీ ప్రోగ్రామ్‌లో విడి సంతకం మామూలుగా చేస్తే బైనరీయే వస్తుంది, టెక్స్ట్‌మోడ్ ఆప్షన్ ఇస్తేనే ఈ రకం. మీరు జీపీజీ వాడుతుంటే మీకు కావాల్సింది బహుశా ఈ ఒక్క ఆప్షనే. క్లియర్‌సైన్ (చదవగలిగే టెక్స్ట్‌తో పాటే అదే ఫైల్‌లో సంతకం పెట్టేది) అయితే ఇంకో అడుగు ముందుకేసి ప్రతి లైన్ చివరున్న స్పేస్‌లు, ట్యాబ్‌లు కూడా లెక్కలోంచి తీసేస్తుంది.

సంతకాలు చేసే ఇంకో టూల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాడేవాళ్లకి ఒక మాట. అందులో డైజెస్ట్ కమాండ్‌తో సైన్ చేస్తే ఉన్న బైట్లని ఉన్నట్టే తీసుకుంటుంది, సీఎంఎస్ కమాండ్‌తో చేస్తే మాత్రం బైనరీ ఆప్షన్ ఇవ్వనంతవరకు తనంతట తనే సీఆర్‌ఎల్‌ఎఫ్‌లోకి మార్చుకుంటుంది. సైన్ చేసేటప్పుడు ఒకలా, సరిచూసేటప్పుడు ఇంకోలా వాడితే ఇక అంతే సంగతులు.

సొంతంగా కోడ్ రాస్తానంటే మాత్రం జాగ్రత్త, నేను రాసి దెబ్బతిన్నా. మొదట నేను చేసింది, ఎల్‌ఎఫ్ కనిపించిన చోటల్లా సీఆర్‌ఎల్‌ఎఫ్ పెట్టేయడం. అప్పటికే సీఆర్‌ఎల్‌ఎఫ్ ఉన్న ఫైల్ వస్తే సీఆర్ రెండు, ఎల్‌ఎఫ్ ఒకటి అయి కూర్చుంది. ముందు సీఆర్‌ఎల్‌ఎఫ్ అన్నిటినీ ఎల్‌ఎఫ్ చేయాలి, తర్వాత ఒంటరిగా మిగిలిన సీఆర్‌లని ఎల్‌ఎఫ్ చేయాలి, సీఆర్‌ఎల్‌ఎఫ్ కావాలనుకుంటే అప్పుడు ఆఖర్న మార్చాలి. సరిగ్గా రాశారో లేదో తెలియాలంటే ఒకసారి నడిపిన దాని మీదే రెండోసారి నడపండి, ఏమీ మారకూడదు. ఇంకోటుంది, ఇది నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది, పెద్ద ఫైల్‌ని 64 కేబీ ముక్కలుగా చదువుతుంటే ఒక ముక్క సీఆర్‌తో ముగిసి తర్వాతి ముక్క ఎల్‌ఎఫ్‌తో మొదలవ్వొచ్చు, మీ కోడ్ ముక్కల్ని విడివిడిగా చూస్తే దాన్ని రెండు లైన్లనుకుంటుంది. చిన్న ఫైళ్లలో ఎప్పుడూ కనపడదు, ఎప్పుడో ఒక పెద్ద ఫైల్‌కి పేలుతుంది.

బైట్ల మీద వెతికి మార్చడం యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే ఒక పద్ధతి) పర్వాలేదు, తెలుగు అక్షరాల బైట్లన్నీ 128, ఆ పైనే కాబట్టి 10, 13 వాటిలో కలవవు. ఇంకో పద్ధతి యూటీఎఫ్-16లో అలా కాదు, మన "ఊ" అక్షరం రెండు బైట్లు 12, 10. ఆ 10ని లైన్ ఎండింగ్ అనుకుని ముందు ఒక 13 దూర్చేస్తే ఆ అక్షరమే కాదు, అక్కడ్నుంచి జతలన్నీ ఒక బైటు పక్కకి జరిగి మిగతాదంతా చెత్త. కాబట్టి ముందు డీకోడ్ చేసి టెక్స్ట్‌గా మార్చుకుని, లైన్ ఎండింగ్స్ సరిచేసి, యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చేసి, అప్పుడు హ్యాష్.

వెబ్ ఫారం విషయంలో కూడా తమాషా ఉంది. టెక్స్ట్ ఏరియాలోని విలువని జావాస్క్రిప్ట్‌తో చదివితే ఎల్‌ఎఫ్ వస్తుంది, అదే ఫారం మామూలుగా సబ్మిట్ చేస్తే సర్వర్‌కి సీఆర్‌ఎల్‌ఎఫ్ వెళ్తుంది. బ్రౌజర్‌లో సైన్ చేసి సర్వర్‌లో వెరిఫై చేసేవాళ్లు ఎంటర్ కొట్టని మెసేజ్‌తోనే టెస్ట్ చేసి అంతా బాగుందనుకుంటారు.

ఎల్‌ఎఫా సీఆర్‌ఎల్‌ఎఫా అని వాదించుకోకండి, ఏదో ఒకటి రాసిపెట్టుకుని రెండువైపులా అదే కోడ్ వాడండి. కానీ ఊపులో పడి స్పేస్‌లు, ఖాళీ లైన్లు, ట్యాబ్‌లు అన్నీ పీకేయకండి. మీరు లెక్కలోంచి తీసేసిన ప్రతిదాన్నీ మధ్యలో ఎవరైనా సంతకం చెడకుండా మార్చగలరు. మార్క్‌డౌన్‌లో లైన్ చివర రెండు స్పేస్‌లకి అర్థముంది, పైథాన్, యామల్ ఫైళ్లలో లైన్ మొదట్లో ఖాళీయే ప్రాణం. అలాగే వెరిఫై చేసింది మార్చిన కాపీ అయితే తర్వాత వాడేది కూడా ఆ కాపీనే అవ్వాలి, ఒకటి సరిచూసి ఇంకోటి వాడితే సంతకం చేసీ దండగే.

ఇంతకీ మీ కేసులో కీలు, లైబ్రరీలు ఏవీ ముట్టుకోకముందే రెండువైపులా ఫైల్ సైజ్ చూడండి. తేడా లైన్ల సంఖ్యంత ఉంటే నేను పైన చెప్పిందే. ఒక్క బైటే తేడా అయితే ఎడిటర్ చివర్లో ఒక ఎల్‌ఎఫ్ చేర్చో తీసేసో ఉంటుంది. మూడు బైట్లు అయితే మొదట్లో బీఓఎం (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే గుర్తు) చేరిందేమో చూడండి, 239, 187, 191 ఉంటాయి. సైజ్ సమానంగా ఉండి కూడా ఫెయిలైతే, షా-256 రెండువైపులా తీసి పోల్చండి, అదీ సమానమైతే అప్పుడు కీ మీద అనుమానపడొచ్చు.