బోరుబావి కథ పెట్టెలో పెట్టొద్దు

చిరంజీవి అమ్మాయికి,

కడప నుంచి పెదనాయన ఆశీస్సులు. నీ జాబు నిన్న చేరింది, రెండుసార్లు చదివినా. పిల్లల కోసం నువ్వు రాసిన బోరుబావి కథను ప్రచురణకర్తలు "ఇప్పుడిది పోదు" అని తిప్పి పంపినారనీ, బదులుగా పిల్లల దయ్యాల కథలు పది అడిగినారనీ రాసినావు. అడిగినవే రాసిచ్చేదా, రాయడమే మానేసేదా అంటున్నావు.

ముందు దయ్యాల సంగతి. రాయి. మన అవ్వ మిద్దె మీద పండుకోబెట్టి చెప్పిన కథల్లో సగం దయ్యాలవే కదా. అయితే పెద్ద పట్నం మాల్‌లో తిరిగే దయ్యం నీకు తెలియదు, మన ఎండిన బావిలో దయ్యం తెలుసు. దాన్నే రాయి. 1947లో మొదలైన చందమామను చూడు. అందులో బేతాళ కథకు కట్టుబాటు గట్టిగానే ఉండేది: చివర చిక్కు ప్రశ్న, విక్రమార్కుడి జవాబు, శవం మళ్లీ చెట్టెక్కడం. ఆ చట్రం పాత కథలది, పత్రిక పట్టుకున్నది. నడుమ కథ మాత్రం రాసేవాళ్లది. ఎంతమంది కొత్తవాళ్లు అందులో చేయి తిప్పుకున్నారో!

నిడివి దగ్గర కూడా పట్టు పట్టొద్దు. పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది, అంటే ఒక పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీలు. నీది పద్దెనిమిది పేజీలైతే ఆ రెండింటి కోసం ఇంకో కాగితం కావాల. బొమ్మ చెప్పేదాన్ని మాటల్లో మళ్లీ చెప్పకుంటే పేజీలు అవే తగ్గుతాయి.

మాట దగ్గర మాత్రం తగ్గొద్దు. ముప్పై ఏళ్ల కింద ఒక పత్రికకు, చెనిక్కాయలు పీకే కూలోళ్ల వెంట పోయిన పిల్లోడి కథ పంపినా. "చెనిక్కాయలు" కొట్టేసి "వేరుశనగలు" అనమన్నారు, చివర ఒక నీతి అతికించమన్నారు. అచ్చులో పేరు చూసుకోవాలనే ఆశతో రెండూ చేసినా. పత్రిక వచ్చినాక మా మూడో తరగతిలో చదివితే, ముందు వరసలో పాప "వేరుశనగంటే ఏంది సార్?" అనింది. పొద్దున్నే చేన్లో కాయలు కోసి బడికొచ్చిన పిల్ల ఆమె. ఎవరి కోసం రాసినానో ఆ పిల్లకే కథ అందకుండా చేసినా. ఈ పొద్దుకీ ఆ సంచిక తెరవాలంటే మనసు రాదు.

ఇంకోటి. కథ రాసి, బొమ్మలేయించి, ప్రూఫులు దిద్ది, పుస్తకం చేతికొచ్చేసరికి ఏడాదైనా పడుతుంది. అప్పటికి దయ్యాల గాలి ఉంటుందో లేదో. అందుకే ఆ పది కథలకు మూడు నెలలు పెట్టుకో, ఆదివారం పొద్దులు మాత్రం నీ సొంత కథకు వదులు. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టొద్దు. హక్కులు ఎన్నేళ్లకిస్తున్నామో కాగితంలో రాయకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఐదేళ్లకనే లెక్క. "శాశ్వతంగా" అన్న మాట కనబడితే కొట్టేయించు.

పిల్లలకు ఏం కావాలో అంగట్లో పుస్తకాలు చూస్తే సగమే తెలుస్తుంది. కొనేది అమ్మానాయనలు, వాళ్లు వెదికేది నీతి. మీ ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే 2008లో మొదలైన కొత్తపల్లి పత్రికలో బడిపిల్లలు రాసిన కథలు వచ్చేవి. అవి చదువు. పిల్లలు తమంతట తాము దేని గురించి రాసుకుంటారో అందులో కనబడుతుంది.

ఇక నీ బోరు కథ. ఆరొందల అడుగులు దిగినా చుక్క పడని రోజు, నాయన ఏడుస్తుంటే పిల్ల చాటు నుంచి చూసిన చోట నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ వెంటనే రెండు పేజీలు నువ్వే మాట్లాడినావు: భూగర్భజలాలు, ఇంకుడు గుంతలు. పిల్ల ఎటుపోయిందో తెలియదు. తిప్పి పంపినోళ్లకు అక్కడే విసుగు పుట్టిందేమో అనిపిస్తాంది. నీ ఇష్టం కొద్దీ రాసిన కథలోనూ ఎవరో అడిగినట్టు పాఠం చొరబడింది తల్లీ. ఆ రెండు పేజీలు తీసేయి. రిగ్గు లారీ వెళ్లిపోయినాక, ఆ తెల్లటి రాతిపొడిలో పిల్ల ఏం చేసిందో రాయి.

దసరా సెలవులకు కథ తీసుకొని రా. మా వీధి పిల్లల్ని అరుగు మీద కూర్చోబెడతా, నువ్వు చదువు. వాళ్లు ఎక్కడ పక్కకు చూస్తారో అక్కడ నేను పెన్సిలుతో గీత పెడతా. మీ పెద్దమ్మ ఓళిగలు చేస్తానంటోంది.

ఇట్లు,
మీ పెదనాయన