గ్రహణం నాటిక వేస్తానన్న మేనకోడలికి

అమ్మలూ,

పరిషత్తు పోటీలకి నువ్వు నాటిక రాశావనీ, దర్శకత్వం కూడా నువ్వే చేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సాయంత్రానికి వాట్సాప్‌లో నాటిక రాతప్రతి వచ్చింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మన ఇంటి పిల్ల ఇంత రాసిందా అని కళ్లు చెమర్చాయి. రెండోసారి ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ పేజీ కోసమే ఈ ఉత్తరం. దాని దగ్గరికి వచ్చేలోపు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి.

రోజు బాగా ఎంచుకున్నావు. 1980 ఫిబ్రవరి 16, శనివారం. ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న అబ్జర్వేటరీ సరిగ్గా సంపూర్ణ గ్రహణం దారిలో పడింది. ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో అక్కడికి చేరారు. ఊళ్లలో జనం మాత్రం తలుపులు బిగించుకుని లోపలే ఉన్నారు. దానికి ఏడు నెలల ముందే, 1979 జూలై 11న, అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడింది. మన నెత్తిన పడుతుందని ఎంత హడలిపోయారో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పోయేటప్పుడు మిగుల్చుకోవడం ఎందుకని కోళ్లనీ మేకలనీ కోసుకు తిన్నారంటారు. చివరికి దాని ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి వైపునా పడ్డాయి. ఏడేళ్ల వయసులో ఆ హడలు చూసిన నీ నాటికలోని పిల్లవాడికి ఎనిమిదో ఏట సూర్యుణ్ణి పాము మింగుతుందంటే నమ్మకపోవడానికి కారణమేముంది? వాడి ఊహకి ఆ ఏడాదే పునాది వేసింది. ఈ సంగతి మొదటి రెండు నిమిషాల్లో ప్రేక్షకుడికి అందాలి. నీ ప్రతిలో స్కైలాబ్ మాట మూడో పేజీలో వస్తోంది. ముందుకి జరుపు.

కథ అల్లిక నాకు నచ్చింది. పాము సూర్యుణ్ణి మింగుతుందని నానమ్మ చెప్పింది. రంగాపూర్‌కి పెద్ద పెద్ద గొట్టాలు వచ్చాయని ఎవరో అన్నారు. పిల్లవాడు ఈ రెండూ కలిపి, గొట్టాలవాళ్లు పాముని పట్టడానికే వచ్చారని తేల్చుకున్నాడు. నడింట్లో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే, దాహం వేసిన పాము ఆ నీళ్లకి తమ ఇంటికే వస్తుందనుకున్నాడు. మూడింటికి రోకలి తోసేశాడు. గ్రహణం ఉన్నంతసేపే రోకలి నిలుస్తుందని పెద్దవాళ్ల నమ్మకం, పడితే విడిచినట్టే కదా! నానమ్మ విడుపు స్నానానికి లేచింది, ఆమెని చూసి వీధి వీధంతా లేచి పొయ్యిలు రాజేసింది. మూడు ముప్పావుకి అసలు చీకటి పడింది.

దీన్ని చెడగొట్టే మాట ఒక్కటుంది, తీసెయ్. నాలుగో పేజీలో పిల్లవాడు ప్రేక్షకుల వైపు తిరిగి కన్నుగీటి "చూశారా, ఎట్లా పడేసిన్నో!" అంటాడు. అన్న మరుక్షణం వాడు కొంటెవాడైపోయాడు. ఊహ ఎక్కువున్న పిల్లవాడు కొంటెవాడు కాడు, అబద్ధాలకోరూ కాడు. చూడబోతే ఆ ఇంట్లో అందరికన్నా బాధ్యతగలవాడు వాడే. ఇంటికి ప్రమాదం రాబోతోందని వాడొక్కడికే తెలుసు, దాన్ని ఆపాల్సిన పని తన మీద పడిందనుకుంటున్నాడు. వాడు నవ్వించడానికి ప్రయత్నించకూడదు. వాడి చేష్ట పెద్దవాళ్ల పనికి అడ్డం పడినచోట నవ్వు దానంతటదే పుడుతుంది.

ఇంకో లెక్క గుర్తు పెట్టుకో. వాడి ఊహలో తప్పు ఒక్కటే ఉండాలి: పాము నిజం అనుకోవడం. అక్కడి నుంచి వాడు వేసే ప్రతి అడుగూ తర్కానికి నిలవాలి. ప్రతి చేష్ట దగ్గరా "ఎందుకురా?" అని మూడుసార్లు అడిగి చూడు. వాడి దగ్గర మూడుసార్లూ జవాబుండాలి. ఐదో పేజీలో రెక్కల గుర్రం ఎందుకొచ్చింది? దానికి వాడి దగ్గర జవాబు లేదు, నీకు ముచ్చటేసింది కాబట్టి వచ్చింది. కొట్టెయ్.

పెద్దవాళ్లలో ఏ ఒక్కరూ ఖాళీగా కూర్చోకూడదు. నానమ్మకి ఆవకాయ జాడీల మీదా పెరుగు కుండ మీదా దర్భలు వేసే పని ఉంది. తండ్రికి ట్రాన్సిస్టర్లో స్టేషన్ దొరకడం లేదు. బాబాయి కిటికీ సందులోంచి చూడాలని తంటాలు పడుతున్నాడు. ఇవి బాగానే రాశావు. నాకు కోపం తెప్పించింది చిన్నమ్మ పాత్ర. ఏడో నెల కడుపుతో ఉన్న మనిషిని పట్టు నుంచి విడుపు దాకా కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. మంచినీళ్లు లేవు, గోక్కోనివ్వరు. ఆమె అవస్థ మీద మూడు జోకులు రాశావు. ఆ హాల్లో అలా పడుకుని వచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఉంటారమ్మా. ఆ మూడూ తీసేసి ఒక్కటి పెట్టు: రోకలి తోసిన తర్వాత పిల్లవాడు పళ్లెంలో మిగిలిన నీళ్లు చెంబులో పోసి, చప్పుడు కాకుండా ఆమె దగ్గరికి తెస్తాడు. "పాము తాగకముందే నువ్వు తాగెయ్ చిన్నమ్మా" అంటాడు. వాడి తర్కం చెడదు. ఆమె దాహం తీరుతుంది. నవ్వుతూనే జనం కళ్లు తుడుచుకుంటారు.

భాష గురించి ఒక్క మాట. "పోరడు", "ఏంది", "గట్లనా" అన్న మాటలు ఆ ఇంటి మాటలు. వాటి మీద నవ్వు రావాలని నటులు దీర్ఘాలు తీస్తే మొదటి రిహార్సల్లోనే ఆపించు.

ఇక రోకలి. నీ నాటిక అంతా దాని మీదే నిలబడింది, కాబట్టి అది నిలబడాలి. రోకలి నిలవడానికి గ్రహణం అక్కర్లేదు. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలుస్తుంది. ఇంట్లో బండల మీద నిలిచింది కదా అని స్టేజి మీదికి తీసుకెళ్తే మాత్రం పడిపోతుంది. చెక్క పలకల మీద ఎవరు నడిచినా ఆ కుదుపు పళ్లేనికి తగులుతుంది. పైగా అసలు రోకలి బరువు, నాలుగడుగుల కర్ర పిల్లవాడి పాదం మీద పడితే వేళ్లు చితుకుతాయి. అందుకని నిర్మల్ బొమ్మలకి వాడే పొనికి కర్రతో తేలికైనది చేయించు. అడుగు సరిగ్గా అడ్డంగా కోయించి, కింద అసలు రోకలికి ఉండే ఇనప పొన్నే తొడిగించు. బరువు అడుక్కి చేరితే నిలకడ వస్తుంది. పళ్లెం అడుగు చదునుగా ఉండాలి, సొట్టలున్నది పనికిరాదు. పళ్లెం కింద నాలుగు మడతల గోనెపట్టా వేస్తే కుదుపు తగ్గుతుంది. నీళ్లు అర అంగుళం చాలు. నిలబెట్టాక ముగ్గురిని చుట్టూ గబగబా నడిపించు. ఐదు నిమిషాలు నిలిస్తే పనికొచ్చినట్టే. పడేటప్పుడు వెనక తెర వైపే పడాలి, దానికి సన్నటి నైలాన్ దారం కట్టి స్టేజి పక్కన తెర చాటునుండే వింగ్‌లోంచి లాగించు. పొనికి కర్ర పడితే చప్పుడు పేలవంగా ఉంటుంది. అదే క్షణంలో వింగ్‌లో నిజం రోకలిని చెక్క మీద వేయించు. ఈ రెండూ కలిసేదాకా కనీసం ఇరవైసార్లు సాధన చేయించు.

వేపచెట్టు నీడ సన్నివేశం చాలా అందంగా ఉంది, తప్పు ఒక్కటే. గ్రహణం పట్టినప్పుడు ఆకుల సందులన్నీ సూదిబెజ్జాల్లా పనిచేస్తాయి. ఒక్కో సందూ నేల మీద ఒక్కో సూర్యుడి బొమ్మ వేస్తుంది, అందుకే వాకిలి నిండా వందల నెలవంకలు పరుచుకుంటాయి. కారణం ఒకటే కాబట్టి అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. నువ్వు చల్లినట్టు తలోవైపు గీశావు. నల్ల కాగితంలో నెలవంకలు ఒకే దిక్కుగా కోసి, స్లైడులా చేసి పైనుంచి ప్రొజెక్టర్‌తో వెయ్యి. పిల్లవాడు వాటిని తొక్కకుండా ఖాళీ చూసుకుని అడుగు వెయ్యాలి. ఆ నడక ఒక్కటే చాలు, అక్కడ మాటలొద్దు.

సామాన్ల సంగతి: ప్లాస్టిక్ కుర్చీలు కనబడకూడదు, నులక మంచం వెయ్యి. గోడ మీద వెలిసిన ఎన్నికల రాతలు ఉండనీ, జనవరిలోనే లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. పిల్లవాడి జేబులో గోలీలు, అల్యూమినియం ఐదు పైసల బిళ్ల. ఎనిమిదేళ్ల పాత్రకి పదేళ్లవాణ్ణి తీసుకో, మాటలు తొమ్మిది పదాలు దాటనివ్వకు, రాగం నేర్పకు. రిహార్సల్ సాయంత్రం గంటన్నర, ముందు ఏదైనా తినిపించి. పిల్లలతో రోజుకి ఐదు గంటలు మించి చేయించకూడదని చట్టమే చెబుతోంది, నీకు అంత అవసరమూ లేదు.

ఆ జేబులో ఫిల్ము ముక్క కూడా రాశావు. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని పిల్లవాడు సూర్యుణ్ణి చూస్తాడు. వద్దమ్మా. అప్పట్లో చూశారు, నిజమే. మసిపట్టిన గాజు ముక్కలతోనూ చూశారు. కంటి వెనక పొర కాలుతున్నా నొప్పి తెలియదు. గంటల తర్వాత చూపు మధ్యలో నల్లమచ్చ కనిపిస్తుంది, కొందరికి అది అలాగే ఉండిపోతుంది. హాల్లో పిల్లలుంటారు, రేపు గ్రహణం వస్తే నీ నాటికలో చూసిందే చేస్తారు. అట్టకి సూదిబెజ్జం పెట్టి, తెల్లకాగితం మీద పడిన బొమ్మని చూసేలా మార్చు. నీ నటుడి కళ్లు కూడా నీవే అనుకో. "పైకి చూడు" అని లైటులోకి చూపించకు. చివరి వరస పైన గోడకి ఎర్ర కాగితం అంటించి, అదే సూర్యుడని చెప్పు.

ఇప్పుడు ఏడో పేజీ. "లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. రెండు నిమిషాల కటిక చీకటి. పిల్లవాడి అరుపు" అని రాశావు.

సరిగ్గా ఇదే పాతికేళ్ల కిందట ఒక నాటికలో జరిగింది. ఆ లైట్ల బోర్డు దగ్గర ఉన్నది నేనే కాబట్టి ఒక్కో క్షణం చెప్పగలను. గ్రహణం రెండు నిమిషాలపైన ఉంటుంది కాబట్టి చీకటీ అంతసేపు ఉండాలన్నారు. రిహార్సల్సన్నీ పగలు, వరండాలో జరిగాయి. చీకటి వచ్చేచోట "ఇక్కడ చీకటి" అని నోటితో అనుకుని ముందుకెళ్లిపోయేవాళ్లం. పిల్లవాడికి తొమ్మిదేళ్లు. ధాన్యం గాదె మీద నిలబడి ఉన్నాడు, నేల నుంచి మూడడుగులు. "భయపడినట్టు చెయ్యి" అన్నదొక్కటే వాడికి చెప్పిన మాట. చీకటి ఎంతసేపుంటుందో, ఎట్లా ముగుస్తుందో, ఎవరు దగ్గరుంటారో చెప్పలేదు.

లైట్లు ఆరాయి. పదిహేను సెకన్లకి హాల్లో ఈలలు మొదలయ్యాయి. వాడు "అమ్మా" అన్నాడు. ప్రతిలో ఆ మాట లేదు. జనం నవ్వారు, నటన అనుకుని. రెండోసారి పిలిచాడు, ఇంకా నవ్వారు. మేమూ బాగా చేస్తున్నాడనే అనుకున్నాం. గాదె అంచు ఎక్కడుందో కనబడక వాడు అక్కడే కూర్చుండిపోయి, చెక్కని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. రెండు నిమిషాలు పూర్తయ్యేదాకా స్విచ్చి వెయ్యలేదు, వెయ్యమని ఎవరూ అనలేదు కాబట్టి. వెలుగొచ్చేసరికి వాడి లాగు తడిసి ఉంది. వాడు మళ్లీ ఏ స్టేజీ ఎక్కలేదు.

తప్పు ఎక్కడుందో చూడు. చీకటిలో ఒక్కసారైనా సాధన చేయించలేదు. పక్కన మనిషిని పెట్టలేదు. ఆపడానికి గుర్తు పెట్టుకోలేదు. నిజం భయాన్నీ నటననీ వేరు చేసే మాట వాడి చేతికి ఇవ్వలేదు. అన్నిటికన్నా ముందు, ఆ చీకటే అబద్ధం. సంపూర్ణ గ్రహణంలో కటిక చీకటి పడదు. నాలుగు దిక్కులా దిగంతం మీద సాయంసంధ్య రంగు కమ్ముకుంటుంది, చుక్కలు కనిపిస్తాయి, పక్షులు గూళ్లకి మళ్లుతాయి.

అందుకని ఇట్లా చెయ్. వెలుగు నలభై సెకన్ల మీద మెల్లగా తగ్గాలి. వెనక తెర అడుగున సన్నటి నారింజ పట్టీ వెలుగుతూనే ఉండాలి, పైనుంచి నీలం లైటు పదో వంతు. మొత్తం పాతిక సెకన్లు చాలు, ప్రేక్షకుడికి అదే చాలా ఎక్కువ. పిల్లవాడు నేల మీదే ఉండాలి, దేని మీదా ఎక్కించకు. చిన్నమ్మ మంచం పక్కనే కూర్చోబెట్టు, ఆమె చెయ్యి వాడి వీపు మీద ఉంటుంది, కథకీ సరిపోతుంది. వాడు మనసులో పాతిక దాకా లెక్కపెట్టుకోవాలి. లెక్క తెలిస్తే చీకటి వాడి అదుపులో ఉంటుంది. ఆపమనడానికి కథలో లేని ఒక మాట వాడినే ఎంచుకోమను. వాడు "ఇడ్లీ" అంటే, న్యాయనిర్ణేతలు చూస్తున్నా సరే, లైట్లు వెలగాలి. చీకటి సాధన మూడు రోజులు విడిగా చేయించు. మొదటిరోజు లైటు తగ్గించే మీట వాడి చేతికే ఇవ్వు.

పాత స్లైడ్ ప్రొజెక్టర్ బస్సు పార్సిల్లో వేశాను. బల్బు వేడెక్కుతుంది, పది నిమిషాలకోసారి ఆపు. చిన్నమ్మ వేషం ఎవరు వేస్తున్నారో నువ్వు రాయలేదు. చీకట్లో వాడి వీపు మీద చెయ్యి ఉండేది ఆమెదే కాబట్టి, ఆమె ఎవరో తేల్చుకుని, పిల్లవాడికి ఆమె దగ్గర చనువు కుదిరిందో లేదో చూసి, నాకు ఫోన్ చెయ్యి. పోటీలకి పేరు ఆ తర్వాతే ఇద్దువుగాని.

ఆశీస్సులతో,
మామయ్య