వర్తక సంఘం కబురు గల్లాపెట్టె దాకా చేరాలంటే

ప్రశ్న: మా మండల కేంద్రంలో నూట యాభై దుకాణాల వర్తక సంఘం ఉంది. సభ్యులకు వార్తలు, కార్యక్రమాల సమాచారం అందించే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. వాట్సాప్ గ్రూపులో పెట్టినవి ఎవరూ చదవడం లేదు, సమావేశానికి పిలిస్తే పట్టుమని పదిమంది రావడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు:

తెనాలిలో మాది కిరాణా, జనరల్ దుకాణం. మా పేట వర్తకుల సంఘానికి 2016 నుంచి 2025 చివరి దాకా కార్యదర్శిగా పనిచేశాను కాబట్టి, మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ నేను పడినవే. తప్పు సభ్యులదని మొదట్లో నేనూ అనుకున్నాను. తరువాత నా దుకాణంలో నేనే కూర్చుని గమనించుకున్నాను. ఒక చేత్తో కందిపప్పు తూస్తూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తూ, మధ్యలో హోల్‌సేల్ వాళ్ల ఫోను ఎత్తే మనిషికి ఒక సందేశం మీద చూపు నిలిచేది రెండు మూడు క్షణాలే. ఆ కాస్త సేపట్లో అతను వెతుక్కునేది ఒక్కటే: రేపు పొద్దున షట్టర్ ఎత్తాక దీనివల్ల నేను చేయాల్సిన పని ఏమైనా ఉందా? ఆ జవాబు మొదటి వాక్యంలో లేకపోతే, మిగతాది ఎంత గొప్పగా రాసినా అది శుభోదయం బొమ్మలతో కలిసి పైకి జరిగిపోతుంది.

ఈ సంగతి నాకు తెలిసి వచ్చింది ఒక పొరపాటు వల్ల. పది రూపాయల నాణేలు చెల్లవని, నకిలీవి వస్తున్నాయని కొన్నేళ్ల క్రితం మన వైపు పెద్ద పుకారు నడిచింది. ఎవరో పంపిన సందేశాన్ని నేను, కార్యదర్శి హోదాలో, వెనకా ముందూ చూడకుండా గ్రూపులో పెట్టాను. మరునాటి నుంచి మా వీధిలో ఏ దుకాణంలోనూ ఆ నాణెం తీసుకోలేదు. మా దుకాణానికి రోజూ వచ్చే ఆకుకూరల ముసలమ్మ కొంగు ముడి విప్పి తొమ్మిది నాణేలు బల్ల మీద పేర్చి, కిలో బియ్యం, పావుకిలో చింతపండు అడిగింది. చెల్లవమ్మా అన్నాను. "నువ్వు నిన్న ఇచ్చిన చిల్లరే కదా నాయనా ఇది" అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి కూర్చుని వెతికితే రిజర్వు బ్యాంకు ప్రకటన కనిపించింది. 2018 జనవరిలో వాళ్లు అప్పటిదాకా వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని, రూపాయి గుర్తు ఉన్నదీ లేనిదీ రెండూ అసలైనవేనని స్పష్టంగా చెప్పారు. సందేహం ఉన్నవాళ్లు ఫోను చేసి వినడానికి 14440 అనే ఉచిత నంబరు కూడా పెట్టారు. నేను పెట్టిన సందేశం తప్పని అదే గ్రూపులో రాశాను గానీ, పుకారు వెళ్లినంత వేగంగా సవరణ వెళ్లలేదు. నెల రోజుల తరువాత కూడా రెండు దుకాణాల్లో "పది రూపాయల నాణేలు తీసుకోబడవు" అన్న అట్టముక్క వేలాడుతూనే ఉంది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆ నిర్ణయం తీసుకున్న శాఖో, బ్యాంకో, సంస్థో స్వయంగా విడుదల చేసిన కాగితం కళ్లతో చూడనిదే సంఘం పేరుతో ఏదీ వెళ్లకూడదు. ఆలస్యమైతే అయింది. 2023 మార్చి చివర్లో "ఏప్రిల్ 1 నుంచి రెండు వేలు దాటిన యూపీఐ చెల్లింపులకు 1.1 శాతం కోత" అన్న వార్త గుప్పుమన్నప్పుడు ఈ నియమమే కాపాడింది. మధ్యాహ్నానికల్లా ఇరవై మంది ఫోను చేశారు. ఒకాయన అయితే స్కానర్ బోర్డు తీసి బల్ల కింద పడేశారు. చూస్తే, ఆ రుసుము ముందుగా డబ్బు నింపుకునే వాలెట్ల నుంచి దుకాణాలకు వచ్చే పెద్ద మొత్తాలకు సంబంధించినది. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు వెళ్లే మామూలు చెల్లింపులకు ఏ కోతా లేదని, కొనేవారి మీద భారం పడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ వివరణ ఇచ్చింది. మేము పెట్టిన సందేశం రెండే వాక్యాలు: "స్కానర్ తీయవద్దు. మామూలు ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపులకు కోత లేదు." వివరాలు ఆ కిందన ఇచ్చాము, కావలసినవారు చదువుకున్నారు. స్కానర్ బోర్డు సాయంత్రానికి మళ్లీ గోడెక్కింది.

పని పరంగా మాకు అన్నిటికన్నా కష్టమైనవి 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారిన రోజులు. మూడో తేదీ రాత్రి కౌన్సిల్ నిర్ణయం వెలువడింది, 22 నుంచి అమలన్నారు. అంటే సరిగ్గా దేవీ నవరాత్రులు మొదలయ్యే రోజున, దసరా సరుకు గోదాముల్లో దిగి ఉన్న సమయంలో. పత్రికల్లో వచ్చినవి కార్ల ధరలు, టీవీల ధరలు. మా కిరాణా వాళ్లకు కావలసినది అది కాదు. ఒంటి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 శాతం నుంచి 5కు దిగాయి, బట్టల పొడి మాత్రం 18లోనే ఉండిపోయింది. నెయ్యి, వెన్న 12 నుంచి 5కు వచ్చాయి. ప్యాక్ చేసిన పనీరు మీద పన్నే పోయింది. ఒకే అరలో పక్కపక్కన ఉండే సరుకుల్లో ఏది మారింది, ఏది మారలేదు అన్నది బిల్లింగు మిషను దగ్గర కూర్చున్న కుర్రాడికి తెలియాలి. అందుకని మా ఆడిటరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని, చట్టంలోని వరుసలో కాకుండా దుకాణంలో అరల వరుసలో ఒక పట్టిక రాశాము: సబ్బుల అర, నూనెల అర, బిస్కెట్ల అర, ఫ్రిజ్. నేను రాసిన కాగితాలన్నిటిలోకీ జనం దాచుకున్నది అదొక్కటే.

ఆ పట్టిక కింద అసలు భయానికి జవాబు రాశాము. "18 కట్టి కొన్న సరుకును 5 వేసి అమ్మితే మధ్యలో తేడా ఎవరు భరిస్తారు?" అని ప్రతి ఒక్కరూ అడిగారు. కొనుగోలు మీద కట్టిన పన్ను క్రెడిటుగా ఖాతాలోనే ఉంటుందని, ఇతర అమ్మకాల మీద కట్టవలసిన పన్నుకు దాన్ని వాడుకోవచ్చని, అయితే రేటు తగ్గిందన్న కారణం మీద ఆ మిగులును నగదుగా వెనక్కి ఇవ్వరని, పూర్తిగా పన్ను పోయిన పనీరు వంటి వాటి నిల్వ మీద మాత్రం ఆ క్రెడిటును వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుందని నాలుగు ముక్కల్లో చెప్పాము. ఇందులో చివరి ముక్క పాల ఉత్పత్తులు అమ్మే ముగ్గురికే పనికొచ్చింది. వాళ్లకు విడిగా ఫోను చేసి చెప్పాము. అందరికీ పెట్టి ఉంటే మా సంఘంలో మిగతా రెండు వందల మంది అనవసరంగా కంగారుపడేవారు. ఏ వార్త ఎవరికి అక్కర్లేదో తెలుసుకోవడం కూడా మీ పనిలో భాగమే.

ఇక మీ గ్రూపు విషయం. దాన్ని రెండుగా విడగొట్టండి. ఒకదానిలో మీరు, అధ్యక్షులు తప్ప ఎవరూ రాయకూడదు, రోజుకు ఒక్కటి మించి పెట్టకూడదు. శుభాకాంక్షలు, పుట్టినరోజులు, రాజకీయాలు రెండోదానిలో ఎంతైనా సాగనివ్వండి. వాటిని పూర్తిగా ఆపాలని చూస్తే మీకే చెడ్డపేరు వస్తుంది. సందేశం పెట్టే వేళ మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, బేరాలు పలచబడినప్పుడు. కరెంటు కోత, రోడ్డు మూసివేత వంటివి మాత్రం ముందు రోజు రాత్రే చేరాలి. "రేపు ఉదయం 9 నుంచి 1 వరకు మన వీధికి కరెంటు ఉండదు" అన్న ఒక్క ముక్కకు ఐస్‌క్రీం దుకాణాయన పెట్టిన దండం నేను నిర్వహించిన ఏ సన్మాన సభకూ రాలేదు.

ఫోను చూడని పెద్దవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ల కోసం నెలకొక కాగితం, ఒకే పక్క అచ్చు, పెద్ద అక్షరాలు. పైన ఆ నెల తేదీలు: 11లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20లోపు 3బి (పన్ను లెక్క, చెల్లింపు), మూడు నెలలకోసారి దాఖలు చేసేవారికి మన రాష్ట్రాల్లో 22, కాంపొజిషన్ వాళ్లకు (మొత్తం అమ్మకాల మీద ఒకే శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారులకు) త్రైమాసికం ముగిసిన తరువాతి నెల 18. ఒక్క రోజు జాప్యమైతే యాభై రూపాయలు, అమ్మకాలే లేని నిల్ రిటర్ను అయితే ఇరవై, అని పక్కనే రాశాము. ఆ అంకె చూశాకే చాలామంది కాగితాన్ని గల్లాపెట్టె పైన అంటించుకున్నారు. పంచడానికి పోస్టు, కొరియరు ఏమీ లేవు. ఉదయం పదకొండు గంటలకు వీధంతా టీ ఇచ్చే కుర్రాడి చేతికి కట్ట ఇచ్చేవాళ్లం. గ్లాసు కింద కాగితం పెట్టి ఇచ్చేవాడు. టీ చల్లారేలోపు చదవక తప్పదు.

సమావేశాల గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. ఉపన్యాసం వినడానికి వ్యాపారి దుకాణం మూసి రాడు, రానవసరం కూడా లేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఒక పని పూర్తయిందన్న నమ్మకం ఉంటేనే వస్తాడు. మొదటి రెండేళ్లలో మేము పెట్టిన అవగాహన సదస్సులకు వచ్చినవారిలో సగంమంది కార్యవర్గ సభ్యులే. మూడో ఏట తూనికలు, కొలతల శాఖవారిని కోరి, ఒక కల్యాణ మండపంలో కాటాలకు ముద్ర వేసే శిబిరం ఏర్పాటు చేశాము. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. ఎవరికి వారు వెళ్లాలంటే ఒక పూట బేరం పోతుంది, తనిఖీలో దొరికితే జరిమానా. ఆ ఉదయం పెళ్లిపీటలు వేసే చోట అరవైకి పైగా కాటాలు వరుసగా పరిచి ఉన్నాయి. లైసెన్సున్న రిపేరరు ఒక్కొక్కదాని మీద ప్రమాణ రాళ్లు పెట్టి సరిచూస్తుంటే, ఇన్‌స్పెక్టరుగారు సీసం సీలు నొక్కి, సంవత్సరంతో పాటు త్రైమాసికం తెలిపే అక్షరం వేశారు. జనవరి నుంచి మార్చి దాకా ఏ, తరువాతి మూడు నెలలకు బి, అలా. ఆ అక్షరానికి అర్థం మా వాళ్లలో సగంమందికి ఆ రోజే తెలిసింది, నాతో సహా. ఒక మాంసం దుకాణం కాటా కిలోకు ముప్పై గ్రాములు తక్కువ చూపుతోందని తేలింది, అంటే ఇన్నాళ్లూ నష్టపోయింది ఆయనే. ఆ నవ్వుల మధ్య, ఎవరూ పిలవకుండానే, వీధి కాలువ పనుల మీద అర్జీ పెట్టాలన్న చర్చ జరిగింది, సంతకాలు కూడా అయ్యాయి. అదే విషయం మీద అంతకుముందు రెండుసార్లు సభ పిలిస్తే కోరం లేక వాయిదా పడింది.

తేదీ ఎంపికలో జాగ్రత్త అవసరం. శ్రావణంలో, పెళ్లి ముహూర్తాల్లో బట్టల వాళ్లు, బంగారం వాళ్లు రారు. సంక్రాంతికి ముందు మూడు వారాలు ఎవరూ రారు. 20వ తేదీ దగ్గరలో పెడితే ఆడిటర్లు దొరకరు. రాత్రి తొమ్మిదిన్నరకు, షట్టర్లు దించాక, గంట దాటకుండా, భోజనం లేకుండా పెట్టినవి మాకు బాగా నడిచాయి. భోజనం పెడితే జనం వస్తారన్నది నిజమే గానీ, వాళ్లు భోజనం వేళకే వస్తారు.

ఖర్చు సంగతి మీరు అడగలేదు, కానీ రెండో నెలలో తప్పక ఎదురవుతుంది. కాగితం మీద ప్రకటన వేస్తే అచ్చు ఖర్చు తానే భరిస్తానని ఒక హోల్‌సేల్ వ్యాపారి వస్తాడు. మేము ఒప్పుకున్నాము. మూడో నెలలో ఆయన పోటీదారు, అది సంఘం కాగితం కాదు ఫలానావారి కాగితం అంటూ పంచనివ్వలేదు. తరువాత సభ్యత్వ రుసుములోనే ఏడాదికి దుకాణానికి యాభై రూపాయలు కలిపి వసూలు చేశాము. జిరాక్సుకూ, టీ కుర్రాడికి పండగకు ఇచ్చే బట్టలకూ అది సరిపోయింది.