పొరపాటున లేచిన చెయ్యి

చిరంజీవి అమ్మడుకు మీ మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ ఊళ్ళో పంచాయతీ వార్డుకు నువ్వు నిలబడుతున్నావని మీ నాన్నగారు ఫోనులో చెప్పగానే ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ కబురు వినిపించాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నామినేషన్ పత్రాలు, డిపాజిట్టు, ఇంటిపన్ను రసీదుల సంగతి మీ నాన్నగారు చూసుకుంటారు. ప్రచారం పేరుతో మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగకు. నా బెంగ అంతా గెలిచాక నువ్వు కూర్చునే కుర్చీ గురించి.

1995లో నేను మా ఊరి వార్డు సభ్యుణ్ని అయిన సంగతి నీకు తెలుసు, తర్వాతది తెలియదు. మరుసటి ఏడాది మాఘమాసపు సమావేశం అజెండాలో ఆరో అంశం ఏటిగట్టు దిగువన శ్మశానానికి దారి మెరక చేయడం. ఏడోది, ధవళేశ్వరం నీళ్ళు ఆఖరున అందే మన శివారు భూముల్లో రొయ్యల చెరువులు తవ్వుకోవడానికీ, వాటి ఉప్పునీళ్ళు మురుగు కోడులోకి వదులుకోవడానికీ పంచాయతీకి అభ్యంతరం లేదన్న తీర్మానం. మొదటిది నేను పట్టుబట్టి పెట్టించినది. రెండోదాన్ని ఎదిరిస్తానని ఇంటింటికీ చెప్పి వచ్చినవాణ్ని. ఎవరికో అమలాపురం బస్సు వేళవుతోందని ఏడో అంశాన్ని ముందుకు జరిపారు. దారి గురించి చెప్పవలసిన నాలుగు ముక్కలూ మనసులో కూర్చుకుంటున్న నేను ఆ మాట వినిపించుకోలేదు. అనుకూలమైనవారు చేతులెత్తమన్నారు, ఎత్తాను. అయిదుగురు అటు, నలుగురు ఇటు. తీర్మానం నెగ్గింది.

ఆ వెంటనే శ్మశానం దారి అంశం చదవడం మొదలుపెట్టేసరికి నా ఒళ్ళు చల్లబడింది. కార్యదర్శి ఇంకా మినిట్స్ పుస్తకంలో రాస్తూనే ఉన్నాడు, ఎవరి సంతకమూ పడలేదు. లేచి, నా చెయ్యి పొరపాటున లేచింది, నన్ను వ్యతిరేకంగా రాసుకోండి అంటే తీరిపోయేది. నేను లేవలేదు. ఊరివాళ్ళ అర్జీలన్నీ రాసిపెట్టే పెద్దమనిషికి అజెండా వరస తెలియలేదని నవ్వుతారేమోనన్న సిగ్గు నన్ను కూర్చోబెట్టింది. వచ్చే నెల సరిచేయిద్దాం అనుకున్నాను. వచ్చే నెలకు పొక్లెయిన్లు దిగాయి.

రెండేళ్ళు తిరగకుండానే పక్క చేలలోకి ఉప్పు ఊట దిగింది, మంచినీటి చెరువు నీళ్ళు నోట పెట్టుకోలేనివయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగించమన్నప్పుడు నాకు కాస్త ఆశ పుట్టింది గానీ, మన చెరువులు ఆ పరిధిలోకి రావన్నారు. నేను డబ్బు పుచ్చుకున్నానన్న మాట ఊళ్ళో పుట్టింది. అది పొరపాటని అంత ఆలస్యంగా చెప్పబోతే నమ్మినవాడు లేడు, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ని కాను. ఆ అనుమానం నా ఒక్కడి దగ్గరే ఆగిపోతే బాగుండేది. ఆ తర్వాత వీధి దీపాల తీర్మానం వచ్చినా ఇందులో ఎవరికెంత ముట్టిందో అనేవారు, గ్రామసభకు రావడమే మానుకున్నారు.

1999 ఏప్రిల్ 17న వాజపేయి గారి ప్రభుత్వం 269కి 270 ఓట్లతో పడిపోయిన రోజున, స్పీకరు స్థానంలో ఉన్నది మన కోనసీమ బాలయోగి గారన్న అభిమానంతో టీవీ ముందు కూర్చున్నాను. లోక్‌సభలో మీట నొక్కి వేసిన ఓట్ల లెక్కను సవరణలకు లోబడే ప్రకటిస్తారనీ, తప్పు మీట నొక్కిన సభ్యుడు చీటీ రాసిచ్చి దిద్దుకోవచ్చనీ ఆ తర్వాత తెలుసుకున్నాను. అంత పెద్ద సభ తన సభ్యుల వేళ్ళు తడబడతాయని ముందే ఒప్పుకొంటే, పంచాయతీ బల్ల దగ్గర నాకెందుకమ్మా అంత బిగువు! మొన్న 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు 767 మంది ఎంపీలు ఓటు వేస్తే అందులో 15 చెల్లలేదు. అది రహస్య బ్యాలెట్టు గనుక ఎవరు తడబడ్డారో, ఎవరు కావాలని చేశారో తేలదు, అందుకే ఎవరికి తోచిన కథ వారు అల్లుకున్నారు. నువ్వు అందరి ఎదుట చెయ్యెత్తుతావు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు గనుక ఇటే ఓటు వేయాలని పార్టీ విప్ జారీ చేసిందని తప్పించుకునే వీలు కూడా నీకు ఉండదు.

కాబట్టి అజెండా చేతికి అందిన రోజే చదువు. చెయ్యెత్తే ముందు ఇది ఎన్నో అంశమని గట్టిగా అడుగు, విసుక్కునేవాళ్ళను విసుక్కోనీ. మినిట్స్ చదవకుండా సంతకం పెట్టావని తెలిస్తే మాత్రం, ఎంత పెద్దదానివైనా, నీ చెవి మెలిపెట్టడానికి బస్సెక్కి వస్తాను. తప్పు జరిగితే ఆ కుర్చీలోంచి లేవకముందే చెప్పు, గొంతు వణికినా సరే.

ఇంతకూ ఆ ఉప్పు ఊట మొదట దిగింది మీ అమ్మ చేలోకే. పసుపు కుంకుమల కింద మా నాన్నగారు ఇచ్చిన ఎకరం అది. రెండు దాళ్వా పంటలు వరసగా పోయాక ఆమె దాన్ని కూడా చెరువుకే లీజుకు ఇచ్చేసింది. ఎందుకు చెయ్యెత్తావు అన్నయ్యా అని ఒక్కనాడూ అడగలేదు. అడగలేదు గనుక నేనూ చెప్పలేదు. నువ్వు చదువుకున్నాక ఈ ఉత్తరం ఆమెకు కూడా చదివి వినిపించు. ఆదివారం నేను వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య