మొదటి వరుస కుట్ల గురించి మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, కోరాపుట్ నుంచి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

పొట్టంగిలో చలి ముదిరిందనీ, మీ మామగారికి మఫ్లరు అల్లాలని ఊలు కొన్నావనీ, సూది మీద కుట్లు ఎక్కించడం దగ్గరే చేయి ఆగిపోతోందనీ వ్రాశావు. దేవమాలి కొండ పక్కన ఉంటూ ఊలు పని నేర్చుకోవాలనుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మధ్యరకం మందమున్న ఊలుకు ఎనిమిదో నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి, సరిపోతాయి. మఫ్లరుకు 40 కుట్లు చాలు. ఊలును సూది చుట్టూ పక్కపక్కగా పదిసార్లు చుట్టి, విప్పి చూస్తే పది కుట్లకు ఎంత పోగు పడుతుందో తెలుస్తుంది. దానికి నాలుగింతలు ఊలు కొస నుంచి కొలుచుకుని, పైన ఒక జానెడు కలిపి, అక్కడ జారుముడి వేసి సూదికి తొడుగు. ఆ ముడి కూడా ఒక కుట్టే.

సూదిని కుడిచేత పట్టుకుని, కొస పోగును ఎడమ బొటనవేలి చుట్టూ, ఉండ వైపు పోగును చూపుడువేలి మీదుగా వేసి, రెండింటినీ మిగిలిన మూడు వేళ్ళతో అరచేతిలో అదిమిపట్టు. బొటనవేలి ముందున్న పోగు కిందనుంచి సూదిమొనను పైకి పోనిచ్చి, చూపుడువేలి పోగును పైనుంచి అందుకుని, వచ్చిన దారినే బొటనవేలి ఉచ్చులోంచి వెనక్కి తీసుకురావాలి. అప్పుడు బొటనవేలిని తప్పించి, కొస పోగును మెల్లగా లాగితే కుట్టు కూర్చుంటుంది.

ఆ మెల్లగా అన్న మాటను మరువకు. మా పెద్దవాడికి మొదటిసారి టోపీ అల్లినప్పుడు, కుట్లు జారిపోతాయేమోనన్న భయంతో ప్రతిదాన్నీ బిగించాను. పై అల్లికంతా మెత్తగానే వచ్చింది కానీ, అంచు సాగక పసివాడి నుదుటి మీద ఎర్రని చార పడింది. అంచు అల్లికకు మొదలు కావడంతో, దాన్ని సరిచేయడానికి టోపీ మొత్తం విప్పవలసి వచ్చింది. అప్పటి నుంచి రెండు సూదులనూ జతగా పట్టుకుని వాటి మీదే కుట్లు ఎక్కించి, వరుస పూర్తయ్యాక ఒకదాన్ని లాగేస్తున్నాను. నీవూ అలాగే చేయి. కుట్టు సూది మీద అటూ ఇటూ జరగాలి. జరగకపోతే అది బిగిసినట్టే.

ప్రతి ఇరవై కుట్లకూ వేరే రంగు దారం ముక్క తగిలించుకుంటే లెక్క తప్పదు. మిగిలిన కొసను చిన్న చుట్టగా కట్టి పక్కకు పెట్టు. లేకుంటే మొదటి వరుసను ఉండ పోగుతో కాక దానితోనే అల్లడం మొదలుపెడతావు, నాలుగు వేళ్ళ మేర అల్లేసరికి ఊలు అయిపోతుంది.

ఇట్లు,
నీ అత్త