ఫైబర్ బాడీ కారుకి ఏ ప్రైమర్ కొట్టించాలి?

మీది శాన్ స్టార్మ్, బాడీ అంతా ఫైబర్‌గ్లాస్, పెయింటరేమో "అన్ని కార్లకీ కొట్టే ఎచ్ ప్రైమరే కొట్టేద్దాం" అంటున్నాడు, సరేననాలా అని కదా మీరు అడిగింది. అనకండి.

నా దగ్గరున్నది సిపానీ డాల్ఫిన్, మా మేనమామ వాడిన బండి. దానికి రెండుసార్లు పెయింట్ వేయించాను, మొదటిసారి ఇలాగే ఎచ్ ప్రైమర్ మీద. బండి ఇంటికి తెచ్చిన రోజు అద్దంలా ఉంది. ఎండలు ముదిరేసరికి బానెట్ నిండా శనగ గింజలంత పొక్కులు. ఒకదాన్ని గోరుతో గీకితే అరచేయంత పెయింటు అప్పడంలా లేచొచ్చింది, కింద చూస్తే జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నటి పైపొర) తళతళలాడుతోంది! అంటే ఎమ్రీ పేపర్ కూడా అక్కడ సరిగ్గా తగల్లేదు.

ఎచ్ ప్రైమర్‌లో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, అది ఇనుమునో అల్యూమినియాన్నో కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. ఫైబర్‌లో కొరకడానికి లోహమేదీ? రెడ్ ఆక్సైడ్ కూడా అంతే, తుప్పే పట్టని బాడీకి ఎందుకది.

రెండోసారి టూకే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద టూకే సర్ఫేసర్ (గీతలు పూడ్చి నున్నగా చేసే కోటు), తర్వాత రంగు, మెరుపుకి క్లియర్. టూకే అంటే హార్డెనర్ కలిపేది, ఒకసారి గట్టిపడ్డాక పైన కొట్టే కోటులోని థిన్నర్‌కి కరగదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్, ఎన్‌సీ లప్పం అలా కాదు, ఎన్నాళ్లయినా థిన్నర్ తగిలితే మెత్తబడతాయి, కుంగుతాయి, కింద గీసిన గీతలన్నీ పైకి కనిపిస్తాయి. ప్రైమర్, హార్డెనర్, థిన్నర్ మూడూ ఒకే కంపెనీవి తీసుకోండి, ఎంతకి ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది. పెయింటర్ కంటి కొలతని నమ్మకండి.

అసలు పని అంతకంటే ముందుంది. పాత పెయింట్ ఏమిటో తెలియాలి. తెల్ల గుడ్డని ఎన్‌సీ థిన్నర్‌లో తడిపి, కనపడని మూల ఒక నిమిషం అదిమి పట్టండి. రంగు గుడ్డకి అంటినా, పెయింట్ ముడతలు పడినా అది ఉండకూడదు, జెల్‌కోట్ దాకా గీకించాల్సిందే. ఏమీ కాకపోతే అది థిన్నర్‌కి కరగని రకమే, ఎక్కడా పొక్కులూ పెచ్చులూ లేకుంటే పేపర్ పట్టి దాని మీదే ఎపాక్సీ కొట్టొచ్చు. నా బండి ఎడమ డోర్ మీద పాత ఎనామెల్ ఉందని ఎవరూ చూడలేదు, థిన్నర్ తగలగానే ముసలాయన చెయ్యిలా ముడతలు పడింది.

గీకడానికి పెయింట్ రిమూవర్ మాత్రం వద్దు, ఫైబర్ పీచుని పట్టి ఉంచే రెజిన్‌నే తినేస్తుంది. మైనం, గ్రీజు తుడిచాకే పేపర్ పట్టాలి, లేకపోతే ఆ జిడ్డంతా గీతల్లోకి దిగుతుంది. పీచు బయటపడ్డ చోట నీళ్ల పేపర్ వద్దు, తడి లోపలికి పీల్చుకుంటుంది, ఎండకి మళ్లీ పొక్కులే. సాలెగూడులా పగుళ్లుంటే ప్రైమర్ వాటిని మూయదు, తెరిచి రెజిన్, ఫైబర్‌గ్లాస్ మ్యాట్ వేయించాలి (నా బండికి ఖర్చంతా ఇక్కడే అయింది).

మీరే కొట్టుకుంటానంటే మామూలు దుమ్ము మాస్క్ చాలదు, టూకే సర్ఫేసర్ హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ముందు ఆ గుడ్డ టెస్ట్ చేసి, రంగు అంటిందో లేదో చెప్పండి.