ప్లేనైట్‌లో థీమ్ కంటే ముందు జాబితాను చక్కబెట్టండి

నాలుగు స్టోర్లలోని ఆటలన్నీ, వేర్వేరు స్టోర్ల పీసీ ఆటలను ఒకే జాబితాలో చూపే ప్లేనైట్ అనే యాప్‌లోకి తెచ్చుకున్నారు. తెరిచిన ప్రతిసారీ చాలాసేపు ఆగాల్సి వస్తోంది. డెమోలూ, ఎప్పుడో ఉచితంగా తీసుకున్నవీ కలిసి తొమ్మిది వందల పేర్లు కనిపిస్తున్నాయి. మూడు థీమ్‌లు మార్చినా గజిబిజి తగ్గలేదు. ఇదీ మీ ప్రశ్న. ఏడాది క్రితం నా లైబ్రరీ కూడా అచ్చం ఇలాగే ఉండేది. థీమ్‌ను పక్కన పెట్టండి, గజిబిజి ఉన్నది జాబితాలో.

మొదట ఆటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. స్టీమ్, ఎపిక్, జీఓజీ వంటి ప్రతి స్టోరుకూ సెట్టింగుల్లో వేరే పేజీ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసినవి మాత్రమే తేవాలా, ఖాతాలో ఉన్నవన్నీ తేవాలా అన్నది అక్కడ టిక్కులతో తేలుతుంది. మీరు పెద్దగా వాడని స్టోర్లకు ఇన్‌స్టాల్ చేసినవి చాలు. డెమోలను నేను మొదట ఒక్కొక్కటిగా తొలగిస్తూ ఒక సాయంత్రమంతా గడిపాను. మర్నాడు తెరిస్తే అన్నీ తిరిగి వచ్చాయి! ఆట స్టోరు ఖాతాలో ఉన్నంతకాలం తర్వాతి లైబ్రరీ అప్‌డేట్‌లో, అంటే ప్లేనైట్ స్టోర్ల నుంచి జాబితాను తాజా చేసుకున్నప్పుడు, అది మళ్లీ వచ్చి చేరుతుంది. అందుకే తొలగించేటప్పుడు, ఆ ఆటను దిగుమతి మినహాయింపు జాబితాలో చేర్చే ఎంపికనే తీసుకోండి. ఎప్పుడో ఆడి వదిలేసిన ఆటలను మాత్రం తొలగించకుండా దాచండి, ఆడిన గంటల లెక్క చెక్కుచెదరదు.

తెరవడంలో ఆలస్యానికి వస్తే, లైబ్రరీ అప్‌డేట్ ప్రతిసారీ జరగాలా, రోజుకోసారా, వారానికోసారా అన్నది మన చేతిలోనే ఉంది. నేను వారానికోసారి పెట్టుకున్నాను. కొత్త ఆట కొన్న రోజున నేనే అప్‌డేట్ నొక్కుతాను. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే సేఫ్ మోడ్‌లో తెరిచి చూడండి. అందులో మనం వేసుకున్న థీమ్‌లు, ఎక్స్‌టెన్షన్‌లు (ప్లేనైట్‌కు జోడించే అదనపు సౌకర్యాలు) లోడ్ కావు కాబట్టి తప్పు వాటిదా కాదా అన్నది తెలిసిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సెట్టింగ్, ఫిల్టర్‌ను పేరు పెట్టి భద్రపరచుకోవడం. నా మొదటి ఫిల్టర్ పేరు ‘ఈ రాత్రి’. ఇన్‌స్టాల్ అయి ఉండాలి, పూర్తి స్థితి (ఆట ఎంతవరకు వచ్చిందో చెప్పే గుర్తు) ‘ఆడుతున్నాను’ అని ఉండాలి, చివరిసారి ఆడినది అన్నిటికంటే పైన ఉండాలి. అంతే. ఇవాళ అందులో నాలుగు ఆటలే ఉన్నాయి. పని ముగించుకుని కూర్చోగానే ఆ నాలుగు ముఖచిత్రాలే కనిపిస్తాయి, అరనిమిషంలో ఆటలో ఉంటాను. రెండోది ‘తర్వాత ఆడాలి’, మూడోది ‘స్నేహితులతో’. టీవీ ముందు కంట్రోలర్‌తో ఫుల్‌స్క్రీన్ మోడ్‌లోకి వెళ్లినా ఇవే ఫిల్టర్‌లు అక్కడా ఉంటాయి. అయితే ఒక్క మాట, పూర్తి స్థితిని మనమే ఓపికగా నింపాలి. తొమ్మిది వందలకూ అక్కర్లేదు. ఈ ఏడాది నిజంగా ఆడబోయే ముప్పైకి పెట్టండి చాలు.

వరుస కుదరని ఆటలకు ‘సార్టింగ్ నేమ్’ అనే గడి ఉంది. ఫైనల్ ఫాంటసీ భాగాలకు రోమన్ అంకెలు కాబట్టి అక్షర క్రమంలో తొమ్మిదోది ఐదోదాని కంటే ముందు నిలబడుతుంది. ఆ గడిలో 05, 09 అని మామూలు అంకెలు వేస్తే, తెరమీది పేరు మారకుండానే వరుస కుదురుతుంది.

ముఖచిత్రాలతో సహా ఆటల సమాచారాన్ని మూకుమ్మడిగా దించేటప్పుడు, ఖాళీగా ఉన్నవాటినే నింపమనే టిక్కు తప్పక పెట్టండి. అది మరిచిపోయి, నేను వెతికి వెతికి పెట్టుకున్న ముఖచిత్రాలు దాదాపు రెండు వందలు పోగొట్టుకున్నాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆట ముగియగానే స్టోరు క్లయింట్‌ను, అంటే స్టీమ్ వంటి స్టోరు సొంత యాప్‌ను, దానంతటదే మూసేసే సౌకర్యమూ ఉంది. బాగుంటుంది, కానీ మూసే ముందు వేచి ఉండే వ్యవధిని మరీ తగ్గించకండి. క్లౌడ్ సేవ్, అంటే ఆటలో మనం ఎక్కడ ఆపామో ఆ వివరం, స్టోరు సర్వర్‌కు చేరడానికి కాస్త సమయం కావాలి. నేను కొద్ది సెకన్లే ఇచ్చినప్పుడు, మర్నాడు ల్యాప్‌టాప్‌లో రెండు గంటల వెనకటి సేవ్ తెరుచుకుంది. ఇప్పుడు పూర్తిగా ఒక నిమిషం ఇస్తున్నాను.

ఇవేవీ మొదలుపెట్టక ముందే బ్యాకప్ తీసుకోండి. ప్లేనైట్ పదో వెర్షన్‌లో ఆ ఏర్పాటు లోపలే ఉంది. దాన్ని వేరే డ్రైవ్‌లో ఉంచండి. పోర్టబుల్‌గా, అంటే అంతా ఒకే ఫోల్డర్‌లో ఉండేలా, పెట్టుకున్నవాళ్ల లైబ్రరీ ప్లేనైట్ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి, విండోస్ తిరిగి వేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ను జాగ్రత్తగా కాపీ చేసుకోవాలి.

థీమ్ సంగతి ఆ తర్వాత చూడండి. డెస్క్‌టాప్‌కు, ఫుల్‌స్క్రీన్‌కు థీమ్‌లు వేర్వేరు. ఫిల్టర్‌లతో కనిపించే జాబితా ముప్పైకి దిగాక, ఇప్పుడు మీకు నచ్చని ఆ మూడింటినీ మరోసారి వేసి చూడండి. నేను మొదట్లో తీసేసిన థీమ్‌నే ఇప్పుడు వాడుతున్నాను.